కౌన్సెలింగ్ గదిలో థెరపీ డాగ్: మొదటి ఆలోచన నుంచి రిటైర్మెంట్ దాకా

"మా కుక్క చాలా మంచిది, ఎవరినీ ఏమీ అనదు. సెషన్లకి తీసుకొస్తే క్లయింట్లకి బాగుంటుంది కదా?" కుక్కని పెంచుకునే కౌన్సెలర్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఎవరినీ ఏమీ అనని కుక్క వేరు, కొత్త మనుషుల ఏడుపూ కోపమూ మధ్య కూర్చుని కూడా హాయిగా ఉండగలిగే కుక్క వేరు. గదిలోకి రావాల్సింది ఆ రెండోది. భరిస్తున్న కుక్క కాదు, ఇష్టపడి ఉన్న కుక్క.

కౌన్సెలింగ్‌లో ఇప్పటికే శిక్షణ, అర్హత ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. కుక్క ఉంది కాబట్టి కౌన్సెలింగ్ మొదలుపెడదాం అనుకునేవాళ్ల కోసం కాదు.

పద్ధతి కొత్తదేమీ కాదు. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ రోగులతో మాట్లాడుతున్నప్పుడు జోఫీ అనే చౌ జాతి కుక్క అదే గదిలో పడుకుని ఉండేది. ఆ తర్వాత అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే చైల్డ్ సైకాలజిస్టు, ఎవరితోనూ కలవని ఒక పిల్లాడు తన కుక్క జింగిల్స్‌తో చనువుగా ఉండటం గమనించారు. అది యాదృచ్ఛికంగా జరిగిందే అయినా ఆయన అక్కడితో వదిలేయలేదు. కావాలనే కుక్కని సెషన్లలో ఉంచి, చూసినదాని గురించి 1962లో వ్యాసం, 1969లో పుస్తకం రాశారు. పిల్లాడితో మాట కలిపింది జింగిల్స్. చికిత్స చేసింది మాత్రం లెవిన్సన్. ఈ తేడా మర్చిపోతే మిగతా అడుగులన్నీ తప్పుతాయి.

మొదటి అడుగు: ఎందుకో కాగితం మీద పెట్టండి

ఏ క్లయింట్లకి, ఏ లక్ష్యం కోసం కుక్క కావాలో రాయండి. "గది వాతావరణం బాగుంటుంది" అన్నది లక్ష్యం కాదు. "నోరు విప్పని పిల్లలు నాలుగు మాటలు పైకి అనడానికి", "టెన్షన్ ఎక్కువైనప్పుడు శరీరాన్ని నెమ్మదింపజేసుకోవడం నేర్పడానికి" లాంటివి లక్ష్యాలు. రాసిన ప్రతి లక్ష్యం పక్కనా, కుక్క లేకపోతే ఇదే పని ఎలా చేస్తారో కూడా రాయండి. ఆ జవాబు లేకపోతే మీరు కుక్క మీద ఆధారపడుతున్నారని అర్థం. కుక్కకి జ్వరం వచ్చిన రోజు మీ దగ్గర పద్ధతంటూ ఏమీ మిగలదు.

కుక్క వల్ల ఉపయోగం ఉందా అంటే, కొంతవరకు ఉంది. దక్షిణాఫ్రికాలో ఒడెండాల్, మైంట్‌జెస్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, స్నేహంగా గడిపిన కాసేపటికే మనిషిలోనూ కుక్కలోనూ ఆక్సిటోసిన్ (అనుబంధంతో ముడిపడిన హార్మోన్) పెరిగినట్టు చూపారు. కానీ ఈ రంగంలో చాలా అధ్యయనాలు చిన్నవి. అందుకని క్లయింట్‌కి "కుక్కతో మీ డిప్రెషన్ తగ్గిపోతుంది" అని మాట ఇవ్వకండి.

రెండో అడుగు: అనుమతులు

మూడు రకాల కుక్కల్ని జనం ఒకటే అనుకుంటారు. వైకల్యం ఉన్న ఒక మనిషికి ఫలానా పనులు చేసిపెట్టేలా శిక్షణ పొందినది సర్వీస్ డాగ్. కేవలం తోడుండి యజమానికి ధైర్యమిచ్చేది ఎమోషనల్ సపోర్ట్ డాగ్. యజమానితో కలిసి ఇతరుల కోసం పనిచేసేది థెరపీ డాగ్. సర్వీస్ డాగ్‌కి చట్టం ఇచ్చే ప్రవేశ హక్కులు థెరపీ డాగ్‌కి వర్తిస్తాయని అనుకోవద్దు. భవనం యజమాని, మీ సంస్థ, మీ లైసెన్సు నిబంధనలు, మీ ఇన్సూరెన్స్ కంపెనీ, ఈ నాలుగు చోట్లా లిఖితపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఇన్సూరెన్స్ సంగతి మరీ ముఖ్యం. వృత్తి బీమాలో జంతువు వల్ల జరిగే గాయం కవర్ కాకపోవచ్చు. ఫోన్లో "పర్లేదండీ" అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

మీ అర్హత సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2016లో జంతువుల సాయంతో చేసే కౌన్సెలింగ్‌కి కావలసిన సామర్థ్యాల జాబితా విడుదల చేసింది. మీరు ఏ దేశంలో ఉన్నా, మీలో ఏం తక్కువుందో తెలుసుకోవడానికి అది మంచి అద్దం.

మూడో అడుగు: కుక్క ఎంపిక, శిక్షణ

జాతి గురించి ఎక్కువ ఆలోచించకండి. లాబ్రడార్ అయినంత మాత్రాన పనికొస్తుందని లేదు, ఊరకుక్క అయినంత మాత్రాన పనికిరాదనీ లేదు. కనీసం ఏడాది నిండాలి. నేనైతే ఏడాదిన్నర, రెండేళ్ల దాకా ఆగమంటాను, ఎందుకంటే కుక్క స్వభావం అప్పటికి గానీ కుదురుకోదు. చూడాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి, కొత్తవాళ్ల దగ్గరికి పిలవకుండానే తనంతట తాను వెళ్తుందా? రెండు, ఉలిక్కిపడ్డాక ఎంత త్వరగా తేరుకుంటుంది? కాస్త దూరంలో ఒక స్టీలు గిన్నె కింద పడేసి చూడండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. కొన్ని క్షణాల్లో తేరుకుని, అదేంటో చూద్దామని దగ్గరికొచ్చే కుక్క మీకు కావాలి. మంచం కింద దూరి అరగంటైనా బయటికి రాని కుక్కని ఇంట్లోనే హాయిగా ఉండనివ్వండి. ఎప్పుడైనా కరిచిన చరిత్ర ఉన్నా, తిండి దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమన్నా ఆ కుక్క ఈ పనికి వద్దు. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

అమెరికన్ కెనెల్ క్లబ్ 1989 నుంచి నడుపుతున్న కెనైన్ గుడ్ సిటిజన్ పరీక్షలో 10 అంశాలుంటాయి. కొత్త మనిషిని పలకరించడం, గుంపులో నడవడం, పిలిస్తే రావడం లాంటివి. దీన్ని కనీస స్థాయిగా తీసుకోండి. థెరపీ జంతువుల్ని నమోదు చేసే అమెరికా సంస్థ పెట్ పార్ట్‌నర్స్ లాంటివి కుక్కని ఒక్కదాన్నే కాక, కుక్కనీ దాన్ని పట్టుకునే మనిషినీ జంటగా పరీక్షిస్తాయి, రెండేళ్లకోసారి మళ్లీ చూస్తాయి. మీ చుట్టుపక్కల అలాంటి సంస్థ లేకపోతే, మీకు తెలియని ఒక అనుభవజ్ఞుడైన ట్రైనర్‌తో పరీక్ష పెట్టించుకోండి. సొంత కుక్కకి మనం వేసే మార్కులు ఎప్పుడూ ఎక్కువే.

నేర్పాల్సిన వాటిలో "కూర్చో", "ఆగు", "వదిలెయ్" తప్పనిసరి. కింద పడ్డ మాత్ర కుక్క నోట్లోకి పోకుండా ఆపేది ఈ "వదిలెయ్" ఒక్కటే. వీటన్నిటికంటే విలువైనది "నీ చోటుకి వెళ్లు". ఒక చాప మీదికి వెళ్లి, మీరు చెప్పేదాకా తీరిగ్గా పడుకోవడం. ఈ ఒక్కటి గట్టిగా వస్తే సెషన్‌లో సగం సమస్యలు రావు. శిక్షణ ట్రీట్లతో, మెచ్చుకోలుతో జరగాలి. మెడ బిగించే చైన్లు, ముళ్ల కాలర్లు వాడి అణిచిపెట్టిన కుక్క పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది, కానీ అది భయం. ఆ భయం ఏ రోజు ఎవరి మీద బయటపడుతుందో చెప్పలేం.

ఆ తర్వాత గదిలో రిహార్సల్. ముందు ఖాళీ గదిలో కుక్కని అలవాటు చేయండి. తర్వాత తోటి కౌన్సెలర్‌ని క్లయింట్‌లా నటించమనండి: వెక్కివెక్కి ఏడవడం, గట్టిగా అరవడం, కుర్చీలోంచి ఒక్కసారిగా లేవడం, చేతికర్రతో నడవడం. ఒక్కొక్కటీ తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచుతూ వెళ్లండి. ఇబ్బంది కనపడితే ఒక మెట్టు దిగండి. ఇది వారాల పని.

నాలుగో అడుగు: ఆరోగ్యం, శుభ్రత

రేబిస్‌తో సహా టీకాలన్నీ సమయానికి పడాలి. నులిపురుగుల మందు, పేలూ పిడుదులూ రాకుండా మందు, పశువైద్యుడి దగ్గర క్రమంగా చెకప్, వీటన్నిటి కాగితాలూ ఒక ఫైల్లో ఉండాలి. సెషన్ రోజుల్లో దువ్వడం, గోళ్లు గీరుకోకుండా కత్తిరించడం. విరేచనాలు, దగ్గు, చెవి నొప్పి, తామరలా చర్మం మీద మచ్చలు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు సెలవు. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవొచ్చు.

పచ్చిమాంసం తినిపించే అలవాటుంటే మానాలి. అలా తినే కుక్కలు పైకి ఆరోగ్యంగా ఉంటూనే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాని మలంలో విసర్జించవచ్చు. అందుకే పెట్ పార్ట్‌నర్స్ అలాంటి కుక్కల్ని తీసుకోదు. క్లయింట్ సెషన్‌కి ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. ముఖం నాకనివ్వకూడదు. ప్లీహం తీసేసినవాళ్లకీ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ కుక్క నోట్లో మామూలుగా ఉండే క్యాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా ప్రాణాంతకం కావచ్చు. వాళ్ల విషయంలో డాక్టర్ సలహా లేకుండా ముందుకు వెళ్లొద్దు.

కుక్కకీ ప్రమాదం ఉంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి పదార్థం) కలిసిన చూయింగ్ గమ్ కుక్కలకి విషం. ఇవన్నీ జనం బ్యాగుల్లో ఉండేవే. గోడకి కాస్త ఎత్తులో ఒక కొక్కెం పెట్టి, బ్యాగులు అక్కడ తగిలించమనండి.

ఐదో అడుగు: గది

కుక్క చాప మీ కుర్చీ వెనకో పక్కనో, తలుపుకి దూరంగా ఉండాలి. నియమం ఒక్కటే: కుక్క అక్కడికి వెళ్తే ఎవరూ వెంటపడకూడదు, పిలవకూడదు. మీరు కూడా. నేల జారకుండా ఉండాలి, మంచినీళ్లు అందుబాటులో ఉండాలి. వెయిటింగ్ రూమ్‌లో కుక్క ఉండకూడదు. అక్కడ ఎవరికి భయమో మీకు తెలియదు.

"అలర్జీ రాని జాతి" అనేదేదీ లేదు. అలర్జీ కలిగించే ప్రొటీన్లు లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటాయి కాబట్టి బొచ్చు తక్కువైనా అవి ఉంటాయి. వీలైతే కుక్క అడుగుపెట్టని గది ఇంకొకటి ఉంచుకోండి. లేదా కుక్క వచ్చే రోజులు వేరుగా పెట్టి, మధ్యలో గదిని బాగా శుభ్రం చేయించండి.

ఆరో అడుగు: క్లయింట్‌ని అడగడం

కుక్క గదిలో లేనప్పుడు అడగాలి. బుజ్జిగా చూస్తున్న కుక్క ఎదురుగా "వద్దు" అనడం చాలామందికి కష్టం. భయం, అలర్జీ, ఇదివరకు కుక్క కరవడం, ఈ మధ్య పెంపుడు జంతువు చనిపోవడం, ఆరోగ్య సమస్యలు, కుక్క తాకకూడదన్న మతపరమైన ఆచారం, ఇవన్నీ అడగండి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కుక్క ఎంగిలి తగిలితే ప్రార్థనకి ముందు శుద్ధి చేసుకోవాల్సినవాళ్లు ఉంటారు. ఒప్పందం పత్రం మామూలు కౌన్సెలింగ్ పత్రంలో కలపకుండా విడిగా ఉండాలి. గీతలు, కాటు, అలర్జీ లాంటి ప్రమాదాలూ, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చన్న మాటా అందులో రాయాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లలకీ ఇష్టం ఉండాలి. "మా వాడికి కుక్కలంటే ప్రాణం" అని అమ్మ అంటున్నప్పుడు కుర్చీ పట్టుకుని వెనక్కి జరుగుతున్న పిల్లాణ్ణి చూడండి.

తీవ్రమైన సైకోసిస్‌లో (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితిలో) ఉన్నవాళ్లతో, మత్తులో వచ్చినవాళ్లతో, కోపం చేతుల్లోకి వచ్చేవాళ్లతో కుక్కని పెట్టకండి. జంతువుల్ని హింసించిన చరిత్ర ఉంటే అదే చికిత్సలో ముఖ్యాంశం కావచ్చు. అయినా మీ కుక్కని దానికి పరీక్ష వస్తువుగా పెట్టే హక్కు మీకు లేదు.

ఏడో అడుగు: మొదటి సెషన్

మొదటిసారి పది నిమిషాలు చాలు. కుక్క లీష్‌తో చాప మీద ఉండగానే క్లయింట్ లోపలికొచ్చి కూర్చుంటారు. మూడు మాటలు చెప్పండి: కుక్క దగ్గరికొస్తేనే ముట్టుకోవాలి, పడుకున్నప్పుడు కదిలించకూడదు, కౌగిలించుకోవడం ముద్దులు పెట్టడం వద్దు. తర్వాత కుక్కని వదలండి.

అప్పుడు ఒక చిన్న పరీక్ష నేర్పండి. కుక్క దగ్గరికొస్తే తల మీద కాకుండా ఛాతీ దగ్గరో భుజం దగ్గరో మూడు సెకన్లు నిమిరి, చెయ్యి తీసేయాలి. కుక్క ఇంకా దగ్గరికి జరిగినా, ముట్టెతో చేతిని తోసినా "ఇంకా కావాలి" అని. ముఖం తిప్పుకున్నా, కదలకుండా బిగుసుకుపోయినా "చాలు" అని. ఇది చూడటానికి కుక్క మర్యాదలా ఉంటుంది. నిజానికి ఎదుటివాళ్ల ఇష్టాన్ని అడిగి తెలుసుకోవడం ఎలాగో నేర్పే వ్యాయామం ఇది. తన ఇష్టానికి విలువ దొరకని ఇంట్లో పెరిగినవాళ్ల దగ్గర ఈ మూడు సెకన్లు చాలా పని చేస్తాయి.

ఎనిమిదో అడుగు: అసలు పని

గదిలో కుక్క ఉంటే చాలు, దానంతట అదే పని జరిగిపోతుందన్నది భ్రమ. కుక్క ఏదో ఒకటి చేస్తుంది, దాన్ని పట్టుకుని మాట నడపాల్సింది మీరు.

శరీరం నెమ్మదించడానికి: పడుకున్న కుక్క పక్కటెముకల మీద చెయ్యి ఉంచి దాని ఊపిరి గమనించమనండి. దానితో సమానంగా పీల్చమనకండి, కుక్క ఊపిరి మనకంటే వేగంగా ఉండొచ్చు. "లోపలికి, బయటికి వెళ్లడం చూడండి. ఇప్పుడు మీ ఊపిరి ఎలా ఉంది?" అంటే చాలు. పాత ఘటన గుర్తొచ్చి ఎక్కడికో వెళ్లిపోతున్న క్లయింట్‌కి, "చెవి మీద బొచ్చు మెత్తగా ఉందా, వీపు మీద మెత్తగా ఉందా?" అన్న ప్రశ్న ఈ గదిలోకి తిరిగి రావడానికి దారి.

తొందరపాటు ఎక్కువున్న పిల్లలకి: కుక్కకి ఒక చిన్న విద్య నేర్పే పని ఇవ్వండి. అరిస్తే కుక్క వినదు, గబగబా పదిసార్లు "కూర్చో" అన్నా వినదు. ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పి, ఆగాలి. ఆ ఆగడమే మీరు నేర్పాలనుకున్నది. మాట్లాడని పిల్లలకైతే ముందు చేతి సైగతో, తర్వాత గుసగుసతో, ఆ తర్వాత మాటతో కుక్కకి ఆజ్ఞ ఇప్పించవచ్చు. కుక్క తప్పులు పట్టదు, వెక్కిరించదు.

క్లయింట్ ఏడుస్తున్నప్పుడు కుక్క లేచి వెళ్లిపోతే? ఇది జరుగుతుంది, దానికి మీరు సిద్ధంగా ఉండాలి. "చూశారా, దీనికి కూడా నేను వద్దు" అని క్లయింట్ అంటారు. "అబ్బే, అదేం లేదండీ" అని కొట్టిపారేసి కుక్కని వెనక్కి పిలిస్తే రెండు నష్టాలు: కుక్క ఇష్టం పోయింది, క్లయింట్ మాట వినిపించుకోలేదు. బదులుగా, "అది వెళ్లగానే మీకు అలా అనిపించింది. ఇంకెవరైనా లేచి వెళ్లినప్పుడు కూడా ఇలాగే అనిపిస్తుందా?" అని అడగండి. కాసేపయ్యాక, "అది కాస్త విశ్రాంతి తీసుకుంటోంది. ఒకరు దూరం జరిగినా బంధం తెగిపోదు, ఇక్కడ మనం చూస్తున్నాం కదా" అని చెప్పొచ్చు. అందుకే కుక్కకి వెళ్లిపోయే హక్కు ఉండాలంటున్నాను. వెళ్లలేని కుక్క దగ్గర ఉండటానికి అర్థం ఏముంది? అది ప్రేమతో వచ్చిందో, లీష్ పొట్టిగా ఉండి వచ్చిందో క్లయింట్‌కి ఎలా తెలుస్తుంది?

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. "కుక్కకి మనుషులు ఇట్టే తెలిసిపోతారు" అని నమ్మే కౌన్సెలర్లని చూస్తే నాకు భయం. ఒక క్లయింట్ దగ్గరికి కుక్క వెళ్లకపోతే వాళ్లలో ఏదో తేడా ఉందని మనసులో నోట్ చేసుకుంటారు. కారణం వాళ్లు రాసుకున్న సెంటు కావచ్చు, సిగరెట్ వాసన కావచ్చు. కుక్క ప్రవర్తన రోగనిర్ధారణ కాదు.

ఇంకొకటి, క్లయింట్ కుక్క వెనక దాక్కోవడం. కష్టమైన విషయం రాగానే కిందికి వంగి కుక్కతో ఆటలు. ఒకటి రెండుసార్లు వదిలేయండి, ఊపిరి తీసుకోవడానికి అది అవసరమే. ప్రతిసారీ అదే చోట జరిగితే మెల్లిగా చెప్పండి: "మీ నాన్నగారి మాట వచ్చినప్పుడల్లా దీని దగ్గరికి వెళ్తున్నారు." కొన్నిసార్లు ఆ సెషన్‌కి కుక్కని చాప మీదికి పంపడమే సరైన పని.

తొమ్మిదో అడుగు: కుక్క అలసట గుర్తించడం

తోక ఊగినంత మాత్రాన సంతోషం కాదు. పదే పదే పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలింతలు, ముఖం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనిపించేలా చూడటం, ఒక ముందుకాలు ఎత్తిపట్టడం, తడవకుండానే ఒళ్లు విదిలించుకోవడం, వేడి లేకపోయినా వగర్చడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అనే సంకేతాలు. వీటిని పట్టించుకోకపోతే తర్వాతది గుర్రుమనడం, ఆ తర్వాతది కాటు. గుర్రుమన్నందుకు కుక్కని తిట్టకండి. తిట్టి మాన్పిస్తే ఇక హెచ్చరిక లేకుండా కరిచే కుక్కని తయారు చేసినట్టే.

పెట్ పార్ట్‌నర్స్ రోజుకి 2 గంటల పరిమితి పెట్టింది. కొత్త కుక్కకి రోజుకి ఒక సెషన్‌తో మొదలుపెట్టండి. సెషన్ల మధ్య బయట తిప్పడం, ఒంటరిగా నిద్ర, వారంలో పూర్తి సెలవు రోజులు ఉండాలి. పొద్దున లీష్ చేతిలోకి తీసుకోగానే ఎదురొచ్చే కుక్క ఒకరోజు మూల దగ్గరే ఉండిపోయిందంటే ఆ రోజు దాన్ని తీసుకెళ్లకండి. క్లయింట్‌కి ఫోన్ చేసి చెప్పండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

ఒకేసారి క్లయింట్‌నీ కుక్కనీ చూడటం మీ వల్ల కాకపోతే, కుక్కని చూసుకోవడానికి విడిగా ఒక హ్యాండ్లర్‌ని పెట్టుకోవచ్చు. అప్పుడు గదిలో మూడో మనిషి ఉంటారు. గోప్యత ఒప్పందం, క్లయింట్ అంగీకారం రెండూ తప్పనిసరి.

ఏదైనా జరిగితే

కాటు గానీ గీరు గానీ పడితే ముందు కుక్కని వేరు గదికి పంపండి. గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కుక్కకి టీకాలున్నా సరే, డాక్టర్ దగ్గరికి పంపండి. అదే రోజు జరిగింది జరిగినట్టు రాసి, ఇన్సూరెన్స్ వాళ్లకీ మీ సూపర్‌వైజర్‌కీ చెప్పండి. పశువైద్యుడు, ప్రవర్తన నిపుణుడు చూసేదాకా ఆ కుక్క మళ్లీ ఏ క్లయింట్ దగ్గరికీ వెళ్లకూడదు. "చిన్న గీతే కదా" అని క్లయింట్ నవ్వేసినా మీరు నవ్వేయకండి.

నోట్స్‌లో ప్రతి సెషన్‌కీ రెండు ముక్కలు రాయండి: కుక్క ఈ రోజు ఏ లక్ష్యానికి ఉపయోగపడింది, కుక్క ఎలా ఉంది. కొన్ని వారాల నోట్స్ వరసగా చదివితే, ఏ క్లయింట్‌తో కుక్క అవసరం తీరిపోయిందో, ఏ సమయానికి కుక్క అలసిపోతోందో మీకే కనిపిస్తుంది.

రిటైర్మెంట్

కుక్కలు త్వరగా ముసలివవుతాయి. కీళ్లనొప్పులు, వినికిడి తగ్గడం, ముందులా ఉత్సాహం లేకపోవడం మొదలైతే పని తగ్గించి, ఆపేయాలి. ఈ సంగతి క్లయింట్లకి కొన్ని వారాల ముందే చెప్పండి. చెప్పకుండా మాయమైన కుక్క, ఇదివరకే చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు ఉన్న క్లయింట్‌కి పాత గాయాన్ని మళ్లీ రేపుతుంది. వీడ్కోలు సెషన్ ఒకటి పెట్టండి. కుక్క హఠాత్తుగా చనిపోతే "నిద్రపోయింది", "దూరం వెళ్లింది" అని పిల్లలకి చెప్పొద్దు. చనిపోయిందనే చెప్పండి, ప్రశ్నలు అడగనివ్వండి. ఆ వారం మీరూ దుఃఖంలో ఉంటారు కాబట్టి మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడే సమయం ముందే బుక్ చేసుకోండి.

కొత్త కుక్కని వెంటనే తేవద్దు. తెచ్చినప్పుడు పాత ఒప్పందం పత్రాలు దానికి చెల్లవు. ఒక్కో క్లయింట్‌నీ మళ్లీ అడిగి, కొత్త సంతకం తీసుకుని, పది నిమిషాల మొదటి పరిచయం దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.